నచ్చలేదని చెప్పడం నిందా, సాక్ష్యమా?

గత రమజాన్ చివరి పది రోజుల్లో మా ఇంట జరిగిన ఒక సంఘటనను ఈ నెల పాఠక సోదరీమణుల ముందుంచుతున్నాను. అందులో నా పొరపాటు కూడా ఉంది. బహుశా అందువల్లనే ఇన్ని నెలలుగా దాన్ని రాయడానికి కలం సాగలేదు.

కడపలో ఉండే మా చెల్లెలి పెద్దకూతురు డిగ్రీ చదువుతోంది. ముఖానికి రాసుకునే క్రీములు, తలనూనెలు, సుర్మా, మెహందీ వంటివి కొని, కొన్నాళ్ళు వాడి, అవి ఎలా ఉన్నదీ ఫోనులో చిన్న చిన్న వీడియోలుగా చెబుతుంది. వాటిలో ఆమె ముఖం కనిపించదు; చేతులు, వస్తువు కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది. తండ్రి ఆ షరతు మీదనే ఒప్పుకున్నాడు. మొదట్లో సొంత డబ్బుతో కొన్న వస్తువులనే చూపేది. చూసేవారు పెరిగిన కొద్దీ కంపెనీలే ఉచితంగా పంపసాగాయి. పొట్లంతో పాటు ఒక కాగితం వస్తుంది. ఏ మాటలు చెప్పాలో అందులో రాసి ఉంటుంది. ఏమి చెప్పకూడదో ఎక్కడా రాసి ఉండదు గాని, ఒకసారి బాగాలేదని చెప్పిన తర్వాత ఆ కంపెనీ నుంచి రెండో పొట్లం రాదు.

24వ రోజా నాడు వాళ్ళ వీధి చివర ఉండే ఒక ఆపా డజను మెహందీ కోన్లు తెచ్చి ఇచ్చింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె భర్త చనిపోయి ఆరేళ్ళయింది. కుట్టుపని చేస్తూ ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. పండుగలకు, పెళ్ళిళ్ళకు కోన్లు అమ్మితే వచ్చే డబ్బు పిల్లల ఫీజులకు ఆధారం. "బేటీ, ఊళ్ళో ఆడపిల్లలంతా నీ మాట వింటారు. నా కోన్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పు. అల్లాహ్ నీకు మేలు చేస్తాడు" అంది.

ఆ రాత్రి తరావీహ్ తర్వాత అమ్మాయి తన చేతికి పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ చెల్లెలు మారాం చేస్తే దానికీ పెట్టింది. అరగంటలో కడిగితే నలుపు తిరిగిన ముదురు రంగు! ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. వీడియో కూడా తయారైంది. మూడో రోజుకు చిన్నదాని చేయి ఎర్రబడి దురద మొదలైంది. మరునాటికి గీసిన పువ్వు గీసినట్టే బొబ్బలై లేచింది. ఆ చేతిని పైకెత్తి పట్టుకొని అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

చర్మవైద్యురాలు చూసి, అంతకు ముందెప్పుడైనా బజారు కోను పెట్టారా అని అడిగింది. క్రిందటి పండుగకు పెట్టాం, అప్పుడేమీ కాలేదన్నాం. "కోనును పరీక్షించకుండా ఏమి కలిపారో నేను చెప్పలేను. కాని ఇలాంటి బొబ్బలకు చాలాసార్లు కారణం పి.పి.డి. మొదటిసారి శరీరం దాన్ని గుర్తుపెట్టుకొని ఊరుకుంటుంది, రెండోసారి తిరగబడుతుంది" అంది. పారా ఫినిలీన్ డయమైన్ అనే ఈ రసాయనాన్ని తలకు వేసే రంగుల్లో వాడతారు. ఐరోపా దేశాల నిబంధనల ప్రకారం అక్కడ కూడా రెండు శాతానికి మించకూడదు. చర్మం మీద బొమ్మలు వేయడానికి అనుమతి లేనే లేదు. ఒకసారి పడకపోవడం మొదలైతే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, రేపు ముప్పై ఏళ్ళ వయసులో తలకు రంగు వేసుకున్నా ప్రమాదమేనన్నమాట.

ఇంటికి రాగానే పెద్దమ్మాయి అడిగింది: "ఖాలా, ఈ వీడియో ఏం చేయను? జరిగింది చెప్పనా?"

నేను చెప్పిన సమాధానం ఇది: "తీసేయి. ఏమీ చెప్పకు. పండుగ రెండు రోజుల్లో ఉంది, భర్త లేని మనిషి నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది. ఆమె లేనిచోట ఆమె సరుకును చెడ్డదనడం గీబత్ కాదా?" పెద్దదాన్ని గనుక నా మాట విన్నది. మిగిలిన కోన్లు చెత్తబుట్టలో పడేసి, ధర్మం పాటించాననుకొని నిద్రపోయాను.

చాంద్ రాత్ నాడు ఆపా సరుకంతా అమ్ముడుపోయింది. పండుగ వెళ్ళిన వారంలో అదే వీధిలో మరో ఇద్దరికి చేతులు బొబ్బలెక్కాయి. వారిలో ఒకమ్మాయికి ఆ షవ్వాల్ నెలలోనే నికాహ్. ఆమె తల్లి మా చెల్లెలి గుమ్మంలో నిలబడి, "మీ పాపకు ముందే ఇలా అయిందట కదా, ఒక్క మాట చెప్పి ఉండకూడదా?" అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కొంత తేలికగా ఉండేది.

గీబత్ అన్న మాటను నేను ఎంత తొందరగా వాడానో ఆ తర్వాత కూర్చొని ఆలోచించాను. ఒక మనిషిలో నిజంగా ఉన్న లోపాన్ని ఆ మనిషి వెనుక చెప్పడమే గీబత్. లేనిది చెబితే అది అభాండం. ఇందులో సందేహం లేదు. కాని హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్ళి సంబంధాల గురించి దైవప్రవక్త (సఅసం) సలహా అడిగినప్పుడు, ఆయన ఒకరి పేదరికాన్నీ, మరొకరి చేతిదురుసునూ దాచకుండా చెప్పి, మూడో వ్యక్తిని సూచించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. అడిగిన వ్యక్తి నష్టపోకూడదన్నదే అక్కడ ముఖ్యం. ఇమామ్ నవవీ తన రియాజుస్సాలిహీన్‌లో గీబత్‌కు మినహాయింపు ఉన్న ఆరు సందర్భాలను వివరిస్తూ, ప్రజలను కీడు నుంచి హెచ్చరించడాన్ని వాటిలో చేర్చారు. ఇవన్నీ నేను చదవనివి కావు. అవసరమైన వేళ గుర్తుకు రాలేదు, అంతే. మొహమాటానికి ధర్మం పేరు పెట్టుకున్నాను.

మరొక హదీసును కూడా ఇక్కడ తలచుకోవాలి. దైవప్రవక్త (సఅసం) ఎన్నడూ ఏ ఆహారానికీ వంక పెట్టలేదు; ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. దీన్ని చూపి, "కాబట్టి ఏ వస్తువునూ బాగాలేదనకూడదు" అనేవారు ఉన్నారు. అయితే ఆయనే బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తడిని పట్టుకొని, వాన వల్ల తడిసిందన్న వర్తకుణ్ణి, మరి జనానికి కనిపించేలా దాన్ని పైనెందుకు పెట్టలేదని నిలదీశారు. మోసగించేవాడు మనవాడు కాడని తేల్చి చెప్పారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. వంటలో ఉప్పు తగ్గడం నా నాలుకకు సంబంధించిన విషయం. రాశి అడుగున తడి ఉండడం కొనేవారి హక్కుకు సంబంధించిన విషయం. ఫలానా అత్తరు వాసన నాకు నచ్చలేదని ఊరంతా చాటనక్కరలేదు. ఫలానా క్రీము రాసుకుంటే చర్మం ఊడిందని తెలిసి ఊరుకుంటే, తడిసిన ధాన్యం మీద పొడి ధాన్యం కప్పిన చేతుల్లో మన చేయి కూడా ఒకటవుతుంది.

దొంగ మెచ్చుకోలు సంగతి ఇంకా స్పష్టం. కొనే ఉద్దేశం లేకుండా వేలంలో పాట పెంచి ఇతరులను మోసపుచ్చడాన్ని షరీఅత్ నజష్ అని పేరు పెట్టి నిషేధించింది. డబ్బు తీసుకొని, ఒక్కరోజు కూడా వాడని క్రీమును "నేను రోజూ ఇదే వాడతాను" అనే అమ్మాయి చేస్తున్నది దానికి ఎంత దూరంలో ఉంది?

మన దేశంలో చట్టం కూడా ఈ విషయంలో కళ్ళు తెరిచింది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ వాటిని సోషల్ మీడియాలో వస్తువులను గురించి చెప్పేవారి కోసం విడిగా వివరించింది. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, ప్రయాణ ఖర్చు, చివరకు బంధుత్వమైనా సరే చూసేవారికి తెలిసేలా చెప్పాలి. తప్పుదారి పట్టిస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మా అమ్మాయికి ఇది చూపితే, "అయితే ఆపా ఇచ్చిన డజను కోన్లు కూడా చెప్పాలా ఖాలా?" అంది. చెప్పాలి. డజను కోన్ల వెల ఎంతని కాదు. అవి మన నోటికి వేసిన తాళం బరువు ఎంతన్నది లెక్క.

అమ్మాయి ఈసారి నన్ను అడగలేదు. నేరుగా ఆపా ఇంటికి వెళ్ళింది; నేను వెంట వెళ్ళాను. చిన్నదాని చేతి ఫోటో చూడగానే ఆపా ముఖం పాలిపోయింది. ఆమె గోరింటాకు నూరడం లేదు. సిద్ధంగా ఉన్న ముద్దను టోకు వ్యాపారి దగ్గర కిలోల లెక్కన కొని, కోన్లలో నింపి అమ్ముతోంది. అందులో ఏముందో ఆమెకూ తెలియదు. డబ్బా మీద తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, లైసెన్సు సంఖ్య లేదు, పదార్థాల జాబితా లేదు. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ఇవన్నీ ఉండి తీరాలి.

నిజానికి కోనును చూసి పసిగట్టడం అంత కష్టం కాదు. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది చర్మానికి పట్టి మొదట నారింజ రంగు ఇస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అరగంటలో నల్లబడేది ఆకు పని కాదు. అసలు ముద్ద బయట పెడితే కొద్ది రోజుల్లోనే పాడవుతుంది గనుక చల్లని పెట్టెలో దాచుకోవాలి. నెలల తరబడి అంగడి గుమ్మానికి వేలాడుతూ చెడని కోనును చూసి మెచ్చుకోవలసింది లేదు, అనుమానించవలసింది ఉంది. మన అమ్మమ్మలు రోట్లో నూరి, రాత్రంతా చేతులకు గుడ్డ చుట్టుకొని పడుకున్నది పనిలేక కాదు.

ఆ రాత్రి అమ్మాయి పెట్టిన వీడియో రెండు నిమిషాలే. కోన్లు తనకు ఉచితంగా వచ్చాయని చెప్పింది. తన చేతికి ఏమీ కాలేదని చెప్పింది. చెల్లెలికి మూడో రోజున ఏమయిందో చూపింది. వైద్యురాలు పి.పి.డి.ని అనుమానించారని, పరీక్ష మాత్రం జరగలేదని చెప్పింది. డబ్బా మీద ఏ వివరాలు లేవో చూపింది. ఇంట్లో మిగిలిన కోన్లుంటే పిల్లలకు పెట్టవద్దని కోరింది. ముందే చెప్పనందుకు క్షమాపణ అడిగింది. నా పేరు చెప్పలేదు. "విషం" అన్న మాట వాడలేదు, "మోసగత్తె" అన్న మాట అసలే లేదు. ఆపా ఇంటి గురుతు చెప్పాలా వద్దా అని మా ఇంట్లో వాదన జరిగింది. చెప్పకపోతే ఊళ్ళో కోన్లు అమ్మే పదిమంది ఆడవాళ్ళ మీదా అనుమానం పడుతుంది. చివరకు ఆపాయే, "నావేనని చెప్పు, తెచ్చిస్తే డబ్బు వాపసు ఇస్తానని కూడా చెప్పు" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. నాకు లేనిది అదే.

నిజాన్ని నిజమంతవరకే చెప్పడం చెప్పేవారికీ రక్షణే. ఒక ప్రొటీన్ పొడిని విమర్శించిన యూట్యూబర్ల మీద దాన్ని అమ్మే కంపెనీ వేసిన దావాలో, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు వారి వీడియోలను ఆపడానికి నిరాకరించింది. వారు తమ మాటలకు ఆధారంగా ప్రయోగశాల నివేదికలు చూపగలిగారు. ఆధారం లేకుండా కోపంతో అనే మాటకు ఆ నీడ దొరకదు.

కోను బొబ్బలు నెలలో మానాయి. ముఖం తెల్లబరుస్తామనే క్రీముల సంగతి అలా కాదు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండాల జబ్బు ఒకటి 22 మందిలో బయటపడింది. వారిలో 15 మందిది ఒక ప్రత్యేకమైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారని వైద్యులు గుర్తించారు. ఇలాంటి క్రీముల్లో పాదరసం కలుపుతారు. మన నియమాల ప్రకారం కళ్ళ చుట్టూ వాడేవి తప్ప మిగిలిన సౌందర్య సాధనాల్లో అది పది లక్షల భాగాలకు ఒక భాగం మించకూడదు, అదీ అనుకోకుండా చేరినదైతేనే. వాడకం మానిన తర్వాత చాలామంది కోలుకున్నారు. ఆ క్రీముల గురించి, "నాకు వాపు వచ్చింది, వాడకండి" అని ముందే ఒకరు చెప్పి ఉంటే మానడానికి అంతకాలం పట్టేది కాదేమో.

వీడియో తర్వాత మా అమ్మాయికి రెండు కంపెనీల నుంచి పొట్లాలు ఆగిపోయాయి. నెలకు చేతికొచ్చే కొద్దిపాటి డబ్బూ తగ్గింది. వాళ్ళ అమ్మ మొదట నొచ్చుకుంది, ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.

బక్రీద్‌కు పది రోజుల ముందు ఆపా మళ్ళీ వచ్చింది. ఈసారి ఎండిన ఆకు పొడి తెచ్చుకొని, జల్లెడ పట్టి, నిమ్మరసం, చక్కెర, నీలగిరి తైలం కలిపి ఇంట్లోనే ముద్ద చేసింది. కోన్ల మీద తేదీ, పదార్థాలు చేత్తో రాసింది. లైసెన్సు కోసం ఎవరిని కలవాలో కనుక్కుంటున్నానంది. అమ్మాయి వెల చెల్లించి ఆరు కొన్నది. వీడియోలో వాసన బాగుందంది. రంగు మరునాటి మధ్యాహ్నానికి గాని తిరగలేదంది. రెండు కోన్ల మొన మధ్యలో పూడుకుపోయి గుండుసూదితో పొడవవలసి వచ్చిందని కూడా చెప్పింది.

సాయంత్రం ఆపా ఫోను చేసింది. "గుండుసూది సంగతి కూడా చెప్పాలా బేటీ?" అంది. తర్వాత కాసేపు ఆగి, ఆ పొడిని ఏ గుడ్డతో జల్లిస్తే బాగుంటుందని నన్ను అడిగింది.