తన పాట తనకు వినబడాలంటే

కర్ణాటక కచేరీలో పాడుతున్న విద్వాంసుడు కళ్లు తెరవకుండానే చూపుడు వేలు పైకెత్తాడంటే రెండే అర్థాలు. రాగభావం తారస్థాయికి చేరింది, లేదా మానిటర్ వినబడడం లేదు. చెన్నైలో డిసెంబర్ సంగీతోత్సవాలకైనా, మన ఊళ్ల త్యాగరాజ ఆరాధనలకైనా వెళ్లి గమనించండి. ఎక్కువసార్లు రెండోదే.

మానిటర్ అంటే కళాకారుడి వైపు తిరిగి ఉండే స్పీకర్. హాల్లోని పెద్ద స్పీకర్లు శ్రోతల వైపు చూస్తాయి. వాటి ధ్వని వెనక గోడను తాకి తిరిగొచ్చి వేదిక మీది వాళ్లకు చేరుతుంది. గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 40 మీటర్లు, అంటే సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యం. మూడో కాలంలో స్వరకల్పన చేసేవారికి ఇంచుమించు ఒక స్వరం వెనకబడి వినిపించినట్టే. అందుకే అందరూ ‘నాకు కొంచెం పెంచండి’ అంటారు. గాయకుడికి పెంచితే వయొలిన్‌కు చాలదు, వయొలిన్‌కు పెంచితే మృదంగానికి చాలదు. చివరికి మైకు కీచుమంటుంది.

ఇది ఇబ్బందితో పోయే విషయం కాదు. తన గొంతు తనకు వినబడనప్పుడు మనిషి తెలియకుండానే స్వరం పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే రాశాడు. రెండున్నర గంటలు అలా పాడితే బలయ్యేది గొంతే. ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగానికి తగ్గాలని అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు. ఆ లెక్కన 94 డెసిబెల్స్ దగ్గర మిగిలేది ఒక్క గంట. కచేరీ ఇంకా తనియావర్తనానికైనా రాదు.

దీనికి విరుగుడుగా చిన్న సొంత మానిటర్లు వచ్చాయి. మాకీ ఎస్‌ఆర్‌ఎం 150, బెహ్రింగర్ బి205డి ఈ కోవలోవే. రెండింటికీ 5.25 అంగుళాల స్పీకర్, 150 వాట్ల యాంప్లిఫయర్, చిన్న మిక్సర్ ఉంటాయి. మైకు స్టాండుకు బిగించుకోవచ్చు. కొనేవారు మొదట అడిగేది వాట్లు. అడగాల్సింది అది కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. అదే స్పీకర్‌ను రెండు మీటర్ల నుంచి ఒక మీటరు దూరానికి జరిపితే సుమారు ఆరు పెరుగుతాయి. అంటే నాలుగు రెట్ల వాట్లు కొన్నంత ఫలితం, పైసా ఖర్చు లేకుండా.

మనవాళ్ల అవసరం మరొకటుంది. నేల మీద వాలుగా పెట్టే మామూలు మానిటర్లు నిలబడి పాడేవారి కోసం చేసినవి. హరికథకుడికి సరిపోతాయి. బాసింపట్టు వేసుకు కూర్చున్న గాయనికి ఆ ధ్వని తల మీదుగా పోతుంది. కాబట్టి పొట్టి స్టాండు మీద, కూర్చున్నప్పుడు మొహం ఎత్తుకు వచ్చి వంచడానికి వీలున్నదే ఎంచుకోవాలి. దాన్ని పెట్టే చోటు మైకును బట్టి ఉంటుంది. కార్డియాయిడ్ రకం మైకు అయితే సరిగ్గా మైకు వెనక పెట్టాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే వెనక నుంచి వచ్చే ధ్వనిని కొంత పట్టేస్తుంది కనుక కాస్త పక్కకు జరపాలి. కీచు శబ్దాలు చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లే.

వీణ వాయించేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. వీణకు అంటించే పియెజో పికప్‌ను మామూలు మైకు సాకెట్‌లో గుచ్చితే నాదం పల్చబడి రేకు డబ్బాలా మోగుతుంది. దానికి పది లక్షల ఓమ్‌ల స్థాయి ఇంపిడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, లేదా మధ్యలో ఒక ప్రీ యాంప్. కండెన్సర్ మైకు వాడేవారు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉందో లేదో చూసుకోవాలి. చిన్న స్పీకర్‌లో మృదంగం తొప్పి నాదం సరిగా పలకదనేది నిజమే. కానీ అసలు మృదంగమే రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు అది లోపమెలా అవుతుంది? చెవిలో పెట్టుకునే మానిటర్లు సినిమా పాటల వేదికలకు బాగుంటాయి. పక్కవాయిద్యం విని అప్పటికప్పుడు బదులివ్వాల్సిన చోట అవి అడ్డుగోడలే.

అన్నిటికంటే ముఖ్యం ‘త్రూ’ అవుట్‌పుట్. మైకు ముందు మానిటర్‌లోకి, అక్కడి నుంచి హాలు మిక్సర్‌కు వెళ్తుంది. మానిటర్ వాల్యూమ్ తిప్పితే హాలుకు వెళ్లే ధ్వని మారకూడదు. కొన్ని మోడళ్లలో మారుతుంది, దుకాణంలోనే తిప్పి చూడాలి. మైకు సెట్ నిర్వాహకులకు ఈ ఏర్పాటు అంతగా నచ్చదు. అధికారాలు రాష్ట్రాలకు బదలాయించడం ఏ కేంద్రానికి నచ్చింది గనక! అయినా వాళ్లకూ చివరికి పని తగ్గుతుంది. వేదిక మీద మోత తగ్గితే హాల్లో స్పష్టత పెరుగుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు సొంత మైకుతో పాటు శ్రుతి పెట్టె కూడా తీసుకెళ్లండి. శ్రుతిని మానిటర్‌లోని రెండో చానల్‌కు కలిపి, హాలుకు పోకుండా మీకు మాత్రమే వినిపించే వీలుందా అని చూడండి. ఉంటే, నలుగురు వాద్యకారుల మధ్య కూర్చున్నా షడ్జమం చెవి పక్కనే ఉంటుంది.