పెనముమీది మొక్కజొన్న

అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేసవియందు లేత మొక్కజొన్నను ఇనుప పెనముపై వండి భోజనమున ఆదరువుగా వడ్డింతురు. ఆ విధానము మిక్కిలి సులభము.

ఏనాటికానాడు కోసిన లేతకండెలు 6 తెచ్చుకొనుడు. నిలువయున్నకొలది గింజలలోని చక్కెర పిండిగా మాఱి తీపి తగ్గును. గింజల పైభాగమును పదునైన కత్తితో పలుచగా చెక్కి, పిదప కత్తి వెన్నుతో కండెను గీచి పాలు దింపవలెను. ఈ పాలే వంటకమునకు చిక్కదనము నిచ్చును. పెనముపై 2 పెద్ద చెంచాల వెన్న కరగించి, గింజలు, పాలు వేసి, కొంచెము నీరు చల్లి, సన్నని సెగపై సుమారు 15 నిమిషములు కలుపుచుండవలెను. ఉప్పు, మిరియపుపొడి చాలును. అచ్చట పలువురు వెన్నకు మారుగా పందికొవ్వు వాడుదురు.

అయినను ఇది ఆదరువేగాని పూర్ణాహారము కాదు. 20వ శతాబ్దారంభమున ఆ సీమలోనే మొక్కజొన్నపిండియే ప్రధానాహారమైన బీదయిండ్లలో పెల్లగ్రా వ్యాధి వేలమందిని బలిగొనెను. వారిలో స్త్రీలే యధికులు. 1914లో విచారణకు పూనుకొన్న వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమే కారణమనియు నిరూపించెను. కావున పాలు, పప్పు, గ్రుడ్లు మున్నగువానితో దీనిని వడ్డింపుడు. అందఱి విస్తళ్లతోపాటు మీ విస్తరినిగూడ మఱువకుడు.