పొయ్యిరాళ్లను వెదకిన యాత్రికుఁడు

ధ్రువయాత్రికుఁడనఁగా మంచుపై జెండా నాటి వచ్చినవాఁడే యని బాలురు తలంతురు. నాకది సమ్మతము గాదు. డెన్మార్కు దేశీయుఁడగు ఐగిల్ క్నూత్ (1903-1996) శిల్పి, పురావస్తు శోధకుఁడు. గ్రీన్లాండు ఉత్తరపు కొనయందలి పియరీలాండునకు 1947-50 సంవత్సరములలో జరిగిన యాత్రకు నాయకుఁడై పోయి, అచ్చట నతఁడు వెదకినవి పొయ్యిరాళ్లు! చెట్టు మొలవని యా నేలపై, శీతకాలమున నెలల తరబడి సూర్యుఁడు గానరాని చీఁకటిలో, నాలుగువేల యేండ్లకుఁ బూర్వము కస్తూరి యెద్దులను వేఁటాడి బ్రదికిన కుటుంబముల నివాసములవి. శిల్పి గనుకనే కాఁబోలు, రాళ్ల యమరికలో మనుష్యహస్తమును గుర్తింపఁగలిగెను. ఆ భూమికి మాత్రము 1892 లో దానిని జూచిన అమెరికా దేశీయుఁడు పియరీ పేరే నిలిచినది. చూచినవాఁడు గొప్పవాఁడా, కాపురమున్నవారు గొప్పవారా? ఆ వేఁటకాండ్రకు ఇండిపెండెన్సు సంస్కృతివారను పేరు సైతము సమీపపు సముద్రపు పాయనుబట్టి పెట్టినదే; వారు తమ్ముఁ దామేమని చెప్పుకొనిరో తెలియదు.