ఏరు బాగుపడాలి, మనిషి గుంటలో దిగకూడదు

1985 జూలైలో కారంచేడు గొడవ మొదలయింది ఎక్కడ? మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. మనం తాగే నీళ్లలో మురికి కలుపుతుంటే ఇదేమిటని అడిగాం. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. జూలై 17న మన పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్లు మురికి చేసే హక్కు వాళ్లదీ, మురికి తాగే రాత మనదీ అనుకున్నారు. ఆ అనుకోవడం ఇంకా పోలేదు.

ఇప్పుడు చిన్న పట్నాల్లో కూడా మురుగు శుద్ధి ప్లాంట్లు కడతాం, నదుల్ని కాపాడతాం అంటున్నారు. కట్టాల్సిందే. మేం కాదనడం లేదు. 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన లెక్క చూడండి. దేశంలోని పట్నాల మురుగులో రోజూ నిజంగా శుద్ధి అయ్యేది నూటికి 28 పాళ్లే. మిగతాదంతా వాగుల్లోకీ ఏళ్లలోకీ పోతోంది. హైదరాబాదు మురుగు మోసుకుని మూసీ నల్లగొండ పల్లెల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లలో దిగి నాట్లేసే కూలీలు ఎవరో వేరే చెప్పాలా?

అయితే కట్టగానే అయిపోదు. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందాలి, గాలి కొట్టే మోటార్లకు కరెంటు కావాలి. బిల్లు భారమని మోటార్లు ఆపేస్తే మురుగు వచ్చింది వచ్చినట్టే ఏట్లో పడుతుంది. గేటు మీద బోర్డు మాత్రం ఉంటుంది. అసలు భూగర్భ డ్రైనేజీయే లేని పట్నాలు ఎన్నో. అక్కడ సెప్టిక్ ట్యాంకులు తోడిన బండి ఎక్కడ పారబోస్తుందో మన వాడల వాళ్లకు బాగా తెలుసు. బెంగుళూరు దగ్గర దేవనహళ్లి అనే చిన్న పట్నంలో 2015లో ఆ మలాన్నే ఆరబెట్టి ఎరువు చేసే కేంద్రం పెట్టారు. అంటే చిన్న పట్నానికీ దారి ఉంది. మనసే లేదు.

ఇక అసలు సంగతి. ప్లాంటు కట్టినా, పైపులు వేసినా, పూడిక తీయడానికి ఎవణ్ణి దింపుతారు? 2013 చట్టం ప్రకారం రక్షణ సరంజామా లేకుండా మనిషిని మురుగు కాలవలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జుల్మానా, లేదా రెండూ. అయినా దింపుతూనే ఉన్నారు, విషవాయువుకు మనోళ్లు చస్తూనే ఉన్నారు. చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బు మన హక్కు, వదలొద్దు. కానీ మనకు కావలసింది శవానికి ధర కాదు, బతికిన మనిషి.

అందుకే కార్యకర్తలకు మా మాట ఇది. మీ పట్నంలో ప్లాంటు మాట రాగానే మున్సిపాలిటీకి పోయి నాలుగు సంగతులు అడగండి. స్థలం సర్వే నంబరు ఎంత, అది మన అసైన్డు భూమా, మన శ్మశానమా? పూడిక తీసే యంత్రాలు ఎన్ని కొన్నారు? పర్మినెంటు కొలువులు ఎన్ని? అందులో మోటారు నడిపే పని, నీళ్లు పరీక్షించే పని మన పిల్లలకు ఇస్తారా, చీపురే ఇస్తారా? శుద్ధి చేసిన నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా వాడలో అంటిస్తారా? జవాబు కాగితం మీదే తీసుకోండి. నోటి మాట నమ్మొద్దు.

ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీళ్లను కావాలని చెడగొట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని కూడా గుర్తుపెట్టుకోండి. నది అందరిదీ అంటున్నారు గదా, అయితే దాని మురికి మోసే పని ఒక్క మన కులాలదే ఎలా అవుతుంది? ఈ ప్రశ్న ప్రతి వాడలో వినబడాలి. జై భీమ్!