నది అడుగున నిలిచిన సాక్షులు

ఒక వివాదంలో నిజం తేలాలంటే, దారిన పోయే బాటసారి మాట కన్నా ఆ ఇంటనే నివసించేవాని సాక్ష్యానికి విలువ ఎక్కువ. నది విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. సీసాలో పట్టిన నీరు ఆ క్షణపు స్థితినే తెలుపుతుంది. రాత్రివేళ ఎవరైనా విషవ్యర్థాలను వదిలితే, తెల్లవారేసరికి అవి దిగువకు సాగిపోవచ్చు. సీసాకు ఆ సంగతి తెలియదు. రాళ్ళ సందుల్లో, బురదలో నెలల తరబడి జీవించే వెన్నెముక లేని చిరుప్రాణులకు మాత్రం తెలుస్తుంది.

వాటన్నిటి ఓర్పు ఒకటి కాదు. మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే కీటకాల పిల్లదశ నీటిలోనే గడుస్తుంది. వాటిలో చాలా రకాలకు ప్రాణవాయువు పుష్కలంగా కావాలి. మురుగు చేరినప్పుడు దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. అప్పుడు ముందుగా కనుమరుగయ్యేవి ఈ సున్నిత ప్రాణులే. కైరోనమిడ్ జాతి ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం నిలుస్తాయి. మన రక్తంలో వలె వాటి దేహంలోనూ హిమోగ్లోబిన్ ఉండి, మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును ఒడిసిపడుతుంది. పోటీ తగ్గడంతో అవి విపరీతంగా వృద్ధి చెందుతాయి. కనుక చూడవలసింది ప్రాణుల సంఖ్యను మాత్రమే కాదు, వాటి రకాలను.

బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఈ ప్రాణుల కుటుంబాలకు 1 నుండి 10 వరకు మార్కులు కేటాయించారు. స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో అధికభాగానికి 10, కైరోనమిడ్‌కు 2. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ పద్ధతిని మన నదులకు అనువుగా మలచుకుంది.

నష్టం క్షణంలో జరుగుతుంది. దానిని పూడ్చడానికి ఏళ్ళు పడుతుంది. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ సమీపాన ఒక రసాయనాల గోదాము దగ్ధమైంది. మంటలార్పిన నీటితో పాటు పురుగుమందులు రైన్ నదిలో కలిశాయి. చేపలతో పాటు అడుగున ఉండే చిరుప్రాణులూ పెద్ద ఎత్తున నశించాయి. మరుసటి ఏడు తీరదేశాలు ఉమ్మడి కార్యాచరణకు పూనుకున్నాయి. నీరు బాగుపడింది, అనేక ప్రాణులు తిరిగివచ్చాయి. అయితే అన్నీ పాతవి కావు. కాలువల గుండా నల్లసముద్ర ప్రాంతం నుండి వచ్చిన కొత్త జాతులు ఎన్నో చోట్ల పాతవాటి స్థానాన్ని ఆక్రమించాయి. పోగొట్టుకున్నది పోయినట్టే తిరిగి దక్కదు.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్‌ను దాటేసరికి మహానగరపు మురుగును మోస్తుంది. రేపు దానిని శుద్ధిచేసినప్పుడు, నీరు తేటపడగానే పని పూర్తయిందని సంతృప్తి చెందరాదు. అడుగున రాయిని తిప్పి, అక్కడ ఎవరెవరు కాపురముంటున్నారో చూడాలి.

ఈలోగా మన వంతు పని మనకు ఉంది. పురుగుమందు డబ్బాలను కాలువలో కడగకండి. వాడిన ఇంజనాయిలును మురుగుకాలువలో పోయకండి. పిల్లలను శుభ్రమైన వాగు వద్దకు తీసుకువెళ్ళి, ఒక రాయిని మెల్లగా ఎత్తి చూపించండి. పిదప దానిని ఉన్నచోటనే పెట్టించండి; అది ఒకరి ఇల్లు.