పాల లెక్కతోపాటు నడక లెక్క



బరువు తగ్గాలని డాక్టరుగారు చెప్పినవారిని తూకం వేసేటప్పుడు మేము ఒక మాట అడుగుతాము, "నడుస్తున్నారా అమ్మా?" అని. "రోజూ నడుస్తున్నాను సిస్టరమ్మగారూ" అనే ఎక్కువమంది చెబుతారు. ఉంగుటూరు వైపు నుండి వచ్చే ఒక తల్లి కూడా అలాగే చెప్పేవారు. నడిచిన రోజున గోడ క్యాలెండరు మీద గీత పెట్టమన్నాము. నాలుగు వారాల తరువాత ఆ కాగితం తెచ్చారు. గీతలు తొమ్మిదే! ఆమె అబద్ధమాడలేదు. నడిచిన రోజులు గుర్తుంటాయి, నడవనివి గుర్తుండవు.

పాలు పోయని రోజున క్యాలెండరులో సున్నా చుడతాము. చీటీ లెక్క రూపాయి తప్పదు. మన ఒంటి విషయంలో మాత్రం లెక్క లేదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఓ.పి. కార్డులో బరువు మాత్రమే రాసి, "తగ్గలేదేమమ్మా?" అని మందలించి పంపాము. అది సరికాదని మా అభిప్రాయం. అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 నుండి 150 కేలరీలే. రెండు మిరపకాయ బజ్జీలు తింటే అది తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి తిండి తగ్గించకుండా నడక ఒక్కదానితో ముల్లు త్వరగా కదలదు. కదలలేదని నిరాశపడి నడక మానేస్తారు. అసలు నష్టం అక్కడే.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగరుకు ముందు దశలో ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆహారం, వ్యాయామం సరిచేసుకున్నవారిలో షుగరు వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. తూకం చూపని మేలు కూడా నడకలో ఉన్నదన్నమాట.

అందుచేత ఇలా చేయండి:

1. నడిచిన నిమిషాలు ఆ రాత్రే రాయండి. నడవని రోజున సున్నా వేయండి. వారం చివర గుర్తు చేసుకుని రాయవద్దు.

2. వారానికి కనీసం 150 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నడుస్తూ మాట్లాడగలగాలి, కీర్తన మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

3. బరువు వారానికొకసారి, నడుము కొలత నెలకొకసారి రాయండి. నడుము స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

4. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు జేబులో కాస్త పంచదార ఉంచుకోండి. చెప్పులు లేకుండా నడవవద్దు. గుండెలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి.

దేవుడిచ్చిన దేహానికి లెక్క అప్పగించవలసినవారము మనము. ఈసారి వచ్చేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం తీసుకురండి. సున్నాలు ఎన్ని ఉన్నా మేము మందలించము. సున్నాలు దాచకుండా రాసినవారికే ఏ రోజు ఎందుకు తప్పిందో తెలుస్తుంది, సరిచేసుకునే దారి కూడా దొరుకుతుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్