కౌలు తీరేనాటికి ఏ ఫొటో మిగులుతుంది?

పావగడ తాలూకా కర్ణాటకది. మూడు వైపులా ఆంధ్ర. అక్కడి క్యాతగానచెర్లు, తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, రాయచెర్లు ఊళ్ల భూములు సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కు కిందికి పోయాయి. రైతులు అమ్మలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, పాతికేళ్లు దాటే కౌలుకు ఇచ్చారు. 2018లో కరెంటు తీయడం మొదలైంది. కౌలు తీరేనాటికి చెనిక్కాయ చేలు ఎలా ఉండేవో మనవళ్లకు చూపాలంటే ఫొటోలే దిక్కు.

ఆ ఫొటోలు సెల్‌ఫోన్లలో ఉన్నాయి. పొలాల్లో సోలార్ ప్లేట్లు లేచిన రోజులూ, ఇంటింటికీ కెమెరా ఫోను చేరిన రోజులూ దాదాపు ఒకటే మరి.

పెళ్లి ఆల్బంలో రంగు ఫొటో ఎర్రబారినా మొహాలు గుర్తుపట్టొచ్చు. నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ నిలిచేది వెండితో. సరిగ్గా కడిగి, జాగ్రత్తగా దాస్తే నూరేళ్లయినా నిలవగలదు. నిజాం ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ గాజు పలకల నెగటివ్‌లు పందొమ్మిదో శతాబ్దివి. వాటిలో 2,857 పలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. మెమరీ కార్డు అలా మెల్లగా వెలిసిపోదు. ఒకరోజు తెరుచుకోదు, అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోతుంది, తీసిన తేదీ ఊడిపోతుంది. రెండేళ్లు ముట్టని ఖాతాలను తీసేయవచ్చని గూగుల్ 2023లోనే చెప్పింది. ఫోను గల పెద్దాయన పోతే ఓటీపీ ఎవరికొస్తుంది?

అలాగని రీలు కాలానికి హారతి పట్టనక్కర్లేదు. నెగటివ్ ఒక్కటే, చెద పడితే దానితో సరి. డిజిటల్‌కు వందో నకలైనా మొదటిదానికి తీసిపోదు. కాకపోతే దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2017లో తెరిచిన ఆర్కిటిక్ వరల్డ్ ఆర్కైవ్ డిజిటల్ సమాచారాన్ని మళ్లీ ఫిలిం మీదికే ఎక్కించి, గడ్డకట్టిన నేలలోని పాత బొగ్గుగనిలో దాస్తోంది. నవ్వొచ్చినా, లెక్క తెలిసినవాళ్ల పనే అది.

ఊరికి అలాంటి గని అక్కర్లేదు. పంచాయతీయో, బడో పూనుకుని ఫోన్లలోని అసలు ఫైళ్లు అడిగి తీసుకోవాలి. రెండు హార్డ్ డిస్కుల్లో ఎక్కించి ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుకు మార్చాలి. ఏరిన ఓ వంద ప్రింటు వేయించి, వెనక చేను పేరు రాయించాలి. సర్వే నంబరు కౌలు పత్రంలో ఎలాగూ ఉంది. ఆ చేనును ఊళ్లో ఏమని పిలిచేవారో అందులో లేదు.